పార పట్టే ముందు వాన చూడాలి

గండికోట అంచున సైకిల్ నిలబెట్టి రీల్ తీయని కుర్రాళ్లు మా వైపు తక్కువే. కింద పెన్నా, సుమారు 300 అడుగుల లోయ, ఎర్రటి రాళ్లు. ఫ్రేమ్ అదిరిపోతుంది, నిజమే. కానీ ఆ రాతి అంచున టైరు జారిందనుకోండి, రెండో టేక్ ఉండదు. మాది ప్రొద్దుటూరు. జమ్మలమడుగు మీదుగా గండికోటకు తొక్కుకుంటూ పోయిన ప్రతిసారీ ఒకటే ఆలోచన. మట్టిలో, రాళ్లలో సైకిల్ తొక్కే ఈ సరదాకి మన ఊళ్లోనే ఓ చోటుంటే? అడవంత స్థలం అక్కర్లేదు. పార్కులో ఎవరూ నడవని ఓ వాలు మూల చాలు.

"ఊళ్లో ఎందుకు మామా, కోట దగ్గరే ట్రైల్ వేసేద్దాం" అన్నాడు ఓ ఫ్రెండ్. కుదరదు. గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషేధం. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. అటవీ భూమి అయితే ఆ శాఖను అడగకుండా పార దించకూడదు. "ముళ్లపొదలే కదా, ఎవరికి నష్టం?" అంటారా? కలివికోడిని గుర్తు తెచ్చుకోండి. 1900 తర్వాత కనబడక, ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ దొరికింది మన కడప జిల్లా పొదల్లోనే.

అందుకే పార్కు అంటున్నా. ఇదేం వింత కాదు. న్యూయార్క్ లాంటి మహానగరంలో, మన్‌హట్టన్‌లోని హైబ్రిడ్జ్ పార్కులో, 2007లో మౌంటెన్ బైక్ ట్రైల్స్ తెరిచారు. చెత్త పేరుకుపోయి జనం పోవడానికి జంకే మూలను వాలంటీర్లు శుభ్రం చేసి దారులు వేశారు. మన దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వచ్చింది. బాగుంది, కానీ అది నున్నటి రోడ్డు. మట్టి దారి లెక్క వేరు.

ఆ లెక్క నాకు బెంగళూరులో తెలిసింది. ఊరి శివార్లలో ఓ కొలీగ్ వాళ్ల మామిడితోటలో చిన్న ట్రైల్ వేస్తుంటే రెండు సీజన్లు ఆదివారాలు మట్టి మోశా. సైకిల్ గురించి మాట్లాడింది తక్కువ, నీళ్ల గురించి ఎక్కువ. ట్రైల్ వేసేవాళ్లంతా పాటించే ఓ సూత్రం ఉంది: దారి వాలు, కొండ వాలులో సగానికి మించకూడదు. అంటే 100 అడుగులకు 20 అడుగులు లేచే గుట్ట మీద, దారి 10 అడుగులకు మించి లేవకూడదు. మించితే వాననీళ్లకు అదే కాలువ. దారి బయటి అంచు కాస్త పల్లంగా, ఓ 5 శాతం వాలి ఉండాలి. దిగుతున్న దారి మధ్యమధ్యలో కొంచెం పైకి లేచి మళ్లీ దిగాలి. ఆ పల్లంలో నీళ్లు పక్కకు జారుకుంటాయి. తొక్కేవాడికి ఒళ్లు తేలిపోయే మజా కూడా అక్కడే!

ఇదంతా కొత్త విద్య అనుకున్నా, పులివెందుల దగ్గర గుట్టల్లో గొర్రెలు నడిచిన దారి చూసేదాకా. అక్కడున్న కాపరిని అడిగా, "ఈ దారి ఎవరు వేశారు తాతా?" అని.

"ఎవురేసేది అబ్బీ? గొర్రెలే ఏసుకున్యాయి. తిన్నగా ఎక్కితే వాటికీ ఆయాసమే గదా, అడ్డం తిరిగి పోతాయి. తిన్నగా పోయిన దావ ఒక్క వానకు వంకై పోతాది."

నేను డ్రాయింగులు చూసి నేర్చుకున్నది ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు.

మా వైపు ఇంకో చిక్కుంది, నేల. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. తడిస్తే టైరుకు ముద్దలుగా పట్టుకుంటుంది, చక్రమే తిరగదు. ఎండితే నెర్రెలు. అలాంటి చోట గ్రావెల్ పోసి దారి ఎత్తు పెంచాలి, నీళ్లు దాటే చోట రాయి పరచాలి. రాయికి మనకేం కొదవ? నాపరాళ్ల గనుల దగ్గర పనికిరాని ముక్కలు గుట్టలుగా పడుంటాయి. గరుకువే తీసుకోవాలి, పాలిష్ బండ తడిస్తే సబ్బే. పడుకోబెడితే లేచిపోతాయి. ఎక్కువ భాగం నేలలోకి దిగేలా నిలువుగా పాతితే నిలుస్తాయి. ఇక పల్లేరుకాయలు, కంపముళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వారానికోసారి ఊడ్చకపోతే పంక్చర్ షాపువాడికి పండగే.

అసలు కష్టం వేయడంలో లేదు. మా ఆఫీసులో కొత్త ఫీచర్ రిలీజైతే కేక్ కోస్తారు. ఆరు నెలల తర్వాత దాంట్లో బగ్ సరిచేసినవాడికి టీ కూడా రాదు. ట్రైల్ కూడా అంతే. రిబ్బన్ కటింగ్‌కి వందమంది వస్తారు, వాన మర్నాడు పూడిన పల్లం తవ్వడానికి ముగ్గురు. మామిడితోటలో ఒక్క వానాకాలం పట్టించుకోకపోతే మలుపు దగ్గర మోకాలి లోతు గండి పడింది. మలుపు తిరగకుండా అడ్డదారి తొక్కేవాళ్లది ఇంకో గొడవ. వాళ్లకి బోర్డు పనిచేయదు, అక్కడ ఓ బండరాయి దొర్లించడమే మందు. తడి మట్టిలో మాత్రం ఎవరూ తొక్కొద్దు. ఒక్క చక్రం గాడి చాలు, తర్వాతి వానకు నీళ్లు అదే పట్టుకుంటాయి.

కాబట్టి మున్సిపాలిటీకి అర్జీ పెట్టేటప్పుడు "ట్రాక్ కావాలి" అని ఊరుకోకండి. ఏ మూల, ఎంత పొడవు, నెలకు ఎన్ని ఆదివారాలు ఎవరెవరు వస్తారో పేర్లతో రాయండి. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ల దారి దీనికి తగలకూడదు, తగిలితే మొదటి వారంలోనే మూయించేస్తారు, న్యాయమే. అనుమతి కాగితం మీద తీసుకోండి. ఒక కిలోమీటరుతో మొదలెడితే చాలు.

అది చేతికొచ్చేదాకా చేయగలిగిన పని ఒకటుంది. అక్టోబరు, నవంబరు వానల్లో గొడుగు వేసుకుని ఆ మూలకు వెళ్లండి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, ఎటు పోతున్నాయి, ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. ముగ్గు పోసి దారి గీసేది ఆ వీడియో చూసుకునే.