వార్తల్లో పదం: గృహ జనాభా
జనగణనలో కుటుంబానికి గుర్తు రక్తసంబంధం కాదు, పొయ్యి. కలిసి ఉంటూ ఒకే వంట తినేవారంతా ఒక కుటుంబం. అద్దె గదిలో వండుకునే నలుగురు స్నేహితులు కూడా. ఒకే కప్పు కింద అన్నదమ్ములిద్దరూ వేరుగా వండుకుంటే రెండు కుటుంబాలు. హాస్టళ్లు, ఆశ్రమాలు, జైళ్లలోని వారిది ‘సంస్థాగత కుటుంబం’. వాళ్లనూ, ఇల్లు లేనివారినీ పక్కనపెడితే మిగిలేదే గృహ జనాభా.

2011లో హైదరాబాద్ జిల్లా జనాభా 39.43 లక్షలు, నూటికి దాదాపు 52 మంది హిందువులు, 43 మంది ముస్లింలు. ఇది అందరినీ కలిపిన లెక్క. హాస్టళ్లతో కిక్కిరిసిన అమీర్‌పేటలో గృహ జనాభానే చూస్తే యువత వాటా తగ్గిపోతుంది. ఫుట్‌పాత్‌పై నిద్రించేవారిని ఆ ఏడాది ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా లెక్కించారు. నగరాన్ని కట్టిన కూలీల్లో ఎందరో ఆ లెక్కలోవారే.