మీకు తెలుసా? పాలకొల్లు కుర్రాడు, అయిదు తీగలు

1961లో అమెరికాలో ఫ్రెడ్డీ కింగ్ వాయించిన ‘హైడ్ అవే’ పెద్ద హిట్. అందులో పాటే లేదు. బ్లూస్ గిటారే గాయకుడు.

మన కర్ణాటక సంగీతంలో ఆ పని మాండలిన్ చేసింది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, జంటలుగా ఎనిమిది తీగలుండే వాద్యాన్ని పక్కనపెట్టి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. ఒంటి తీగ మీద వేలు జారిస్తే గమకం, అంటే స్వరంలోని వంపు, తేలిగ్గా పలుకుతుంది. బ్లూస్ గిటారిస్టులు తీగ లాగేదీ ఇలాంటి వంపు కోసమే. కచేరీలో వయొలిన్, మృదంగం, ఘటం ఆయన వెంటే నడిచేవి.

కర్ణాటక సంగీతానికి ఇదేం వాద్యమని మొదట్లో పెదవి విరిచినవాళ్లు లేకపోలేదు. అయినా 1983లో, పద్నాలుగేళ్లకే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తర్వాత, చిన్నప్పుడే బ్లూస్‌కు దాసోహమన్న గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ నడిపిన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది.