రేడార్‌ను పసిగట్టే పెట్టె

అమెరికాలో కొందరు తమ కారు ముందు అద్దానికి అరచేతిలో ఇమిడే ఒక చిన్న పెట్టెను బిగించుకుంటారు. దారిలో ముందెక్కడో పోలీసులు రేడార్‌తో వాహనాల వేగం కొలుస్తూ ఉంటే ఆ పెట్టె బీప్, బీప్ మని మోగుతుంది. దాని పేరు రేడార్ డిటెక్టర్. ఇంకా కంటికి కనబడని పోలీసు సంగతి దానికెలా తెలుస్తుంది? దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ముందుగా పోలీసు చేతిలోని రేడార్ గన్ గురించి తెలుసుకుందాం. అది రోడ్డు వెంట రేడియో తరంగాలను పంపుతుంది. అవి కారుకు తగిలి వెనక్కి వస్తాయి. మన వైపు వచ్చే రైలు కూత కీచుగాను, దాటిపోయాక కాస్త బొంగురుగాను వినిపించడం మీరు గమనించే ఉంటారు. కదలిక వల్ల తరంగాలలో ఇలాంటి మార్పు వస్తుందని 1842లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డాప్లర్ ప్రతిపాదించాడు. రేడియో తరంగాలకూ ఇది వర్తిస్తుంది. సెకనుకు 2,415 కోట్ల కంపనాలు గల తరంగాలు గంటకు 100 కి.మీ. వేగంతో ఎదురుగా వచ్చే కారును తాకి తిరిగి వస్తే, వాటి కంపనాలు సెకనుకు సుమారు 4,470 పెరుగుతాయి. ఈ తేడా నుంచే గన్ కారు వేగాన్ని లెక్కగడుతుంది.

డిటెక్టర్ పని ఇంతకంటే తేలిక. అది వేగాన్ని కొలవదు. పోలీసులు వాడే పౌనఃపున్యాలు గాలిలో ఉన్నాయా లేవా అని వింటుంది, అంతే. అమావాస్య రాత్రి మీరు టార్చిలైటు పట్టుకుని పొలం గట్టు మీద నడుస్తున్నారనుకోండి. చాలా దూరాన ఉన్న మనిషికి మీ లైటు కనిపిస్తుంది. కానీ ఆ మనిషి మీకు కనిపించడు. లైటు కాంతి అతని దాకా వెళ్ళడం ఒక ప్రయాణం. అతని మీద పడి తిరిగి మీ కంటికి చేరాలంటే రెండు ప్రయాణాలు. రేడార్ విషయమూ ఇంతే. దూరం రెట్టింపయితే డిటెక్టర్‌కు చేరే బలం నాలుగో వంతుకు తగ్గుతుంది. గన్‌కు తిరిగి వచ్చే ప్రతిధ్వని బలమైతే పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే గన్ కారును కొలవకముందే డిటెక్టర్ గన్‌ను వినగలదు.

ఇది తెలిస్తే పెట్టెను ఎక్కడ అమర్చాలో మీరే చెప్పగలరు. రేడియో తరంగాలు గాజు గుండా వెళతాయి, లోహం గుండా వెళ్ళలేవు. కనుక దాని ముఖం అద్దం గుండా నేరుగా, మట్టంగా రోడ్డును చూడాలి. వైపర్ కడ్డీ వెనకగాని, లోహపు పూత ఉన్న అద్దం వెనకగాని పెడితే ప్రయోజనం ఉండదు. డ్రైవరు చూపుకు అది అడ్డు రాకూడదు. ప్రమాద సమయంలో ఉబ్బే ఎయిర్‌బ్యాగ్ దారిలోనూ ఉండకూడదు. కరెంటు కారులోని 12 వోల్టుల సాకెట్ నుంచి వస్తుంది. స్విచ్ వేయగానే పెట్టె తనను తాను పరీక్షించుకుని కొన్ని కూతలు కూస్తుంది. రేడార్ బలం పెరిగేకొద్దీ కూతలు దగ్గర దగ్గరగా వస్తాయి.

అయితే ప్రతి కూత వెనకా పోలీసు ఉండడు. మనిషి రాగానే తెరుచుకునే దుకాణాల తలుపులు, పక్క వాహనాన్ని పసిగట్టేందుకు కొన్ని కార్లలో అమర్చిన సాధనాలు కూడా దాదాపు ఇవే తరంగాలను వాడతాయి. అందుకే ఊళ్ళలోకి వచ్చినప్పుడు పెట్టె సున్నితత్వాన్ని తగ్గించడానికి ఒక మీట ఉంటుంది.

పోలీసులూ ఊరుకోలేదు. కారు దగ్గరికి వచ్చేదాకా గన్‌ను మూగగా ఉంచి, అప్పుడు మీట నొక్కుతారు. పెట్టె మోగేసరికి వేగం నమోదై ఉంటుంది. లేజర్ గన్‌లు కూడా వచ్చాయి. వాటి పరారుణ కిరణం 300 మీటర్ల దూరంలో సుమారు ఒక మీటరు వెడల్పే ఉంటుంది. అది తాకేది గురిపెట్టిన కారునే. పైగా చాలా డిటెక్టర్ల లోపల చిన్న తరంగ జనకం ఒకటి ఉంటుంది. దాని నుంచి కొద్దిగా తరంగాలు బయటికి కారుతాయి. ఆ కారే తరంగాలను పట్టే పరికరాలు కూడా ఉన్నాయి! వర్జీనియా రాష్ట్రంలోనూ, రాజధాని వాషింగ్టన్‌లోనూ డిటెక్టర్ వాడకం చట్టవిరుద్ధం.

చివరగా ఒక లెక్క. వేగం రెట్టింపయితే, బ్రేకు పట్టాక కారు ఆగడానికి కావలసిన దూరం నాలుగు రెట్లవుతుంది. గంటకు 100 కి.మీ. వేగంలో డ్రైవరు బ్రేకు మీద కాలు వేయడానికి ఒక్క సెకను పట్టినా, ఈలోగా కారు 28 మీటర్లు దూసుకుపోతుంది. పెట్టె పసిగట్టేది రేడార్‌నే. మలుపు అవతల ఆగిపోయిన లారీగాని, బంతి కోసం రోడ్డు మీదికి పరుగెత్తే పిల్లవాడుగాని ఏ తరంగాలనూ పంపరు. వాళ్ళ విషయంలో పనికివచ్చేది వేగం తగ్గించిన డ్రైవరు చూపు ఒక్కటే.

గంటకు 50 కి.మీ. వేగంతో వచ్చే కారు ఇదే గన్ తరంగాలను ఎంత మారుస్తుందో లెక్కవేసి చూడండి. కారు వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి, 2తోనూ, గన్ పంపే కంపనాల సంఖ్యతోనూ గుణించి, కాంతి వేగమైన 30 కోట్ల మీటర్లతో భాగించండి. సుమారు 2,236 వస్తే మీ లెక్క సరిపోయినట్లే.