మోటారునకు కావలి

వైశాఖమాసమున నీరులేని యిల్లు ఎట్లుండునో గృహిణులకు నేను వేఱుగా వర్ణింప బనిలేదు. మొన్నటి వైశాఖమున ఒకనాటి వేకువ మా అత్తగారు స్నానమునకై కొళాయి త్రిప్పగా గాలి తప్ప మఱేమియు రాలేదు. ఆ మఱునాడే మా ఆడపడుచు కుమారునకు మా యింట అన్నప్రాశనము. బంధువులు ముప్పదిమందికి తక్కువ కాకుండ రానున్నారు.

మా యింటి యేర్పాటు పెక్కిండ్ల యందు ఉన్నదే. పురపాలక సంఘమువారి నీరు ప్రొద్దున కొంతసేపు వచ్చి పెరటిలోని సంపులో పడును. దానిని ఒక గుఱ్ఱపుబలముగల మోటారు మేడమీది ట్యాంకునకు ఎక్కించును. పూర్వము మోటారు వేయుటయు, ట్యాంకు పొరలుచున్న చప్పుడు విని పరుగెత్తి కట్టుటయు నా పనియే. మూడేండ్ల క్రిందట మా వారు ఆ శ్రమ తప్పింపనెంచి స్వయముగా పనిచేయు కంట్రోలరు పెట్టె నొకదానిని గోడకు బిగింపించిరి. ట్యాంకులోను సంపులోను తుప్పుపట్టని యుక్కుకడ్డీలు వ్రేలాడుచుండును. నీరు వానిని తాకినపుడు ఒక కడ్డీనుండి మఱొక కడ్డీకి అత్యల్పమైన విద్యుత్తు ప్రవహించును. దానినిబట్టి పెట్టెలోని పలక, ట్యాంకు నిండినదో సంపు ఎండినదో గ్రహించి, రిలే యను చిన్న మీటను కలుపుచు విడదీయుచు నుండును.

ఆనాడు పెట్టెమీద ఎఱ్ఱదీపము వెలుగుచుండెను. సంపులో నీరు లేదని దాని యర్థము. మూత యెత్తి చూచితిమి గదా, నీరు అంచుదాక నున్నది!

మొదట వచ్చిన పనివాడు పెట్టెనైనను తెఱవక, మోటారు కాలినదనియు, తీగ మరల చుట్టింపవలయుననియు, నాలుగు దినములు పట్టుననియు చెప్పెను. మా వారికి నమ్మిక కలుగలేదు. తమ యొద్ద చదువుకొని యిప్పుడు విద్యుత్తుపని చేయుచున్న యొక శిష్యునికి కబురంపిరి. అతడు వచ్చి నన్నే అడిగెను. “అమ్మగారూ, స్విచ్చి వేసినపుడు మోటారు హోరుమని మూలుగుచున్నదా? లేక అసలు చప్పుడే లేదా?”

చప్పుడే లేదంటిని.

ఈ ప్రశ్నయొక్క విలువను నేను పిదప తెలిసికొంటిని. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టుల ఒంటి ఫేజు విద్యుత్తు. అట్టి విద్యుత్తుతో తిరుగు మన మోటార్లకు, తమంతట తాము కదలుటకు కెపాసిటరు యొక్క సాయము కావలయును. మోటారు మూలుగుచు తిరుగక యున్నచో, కెపాసిటరు నీరసించినదనియో, ఇరుసు బిగిసినదనియో తలపవలయును. అట్టిదానిని ఆ స్థితిలో ఉంచినచో నిముషములలో తీగ మాడును. తక్షణము కట్టివేయవలయును. ఏ సవ్వడియు లేనిచో, విద్యుత్తే మోటారుదాక పోవుటలేదనుట తఱచుగా నిజము.

అతడు మెయిన్ స్విచ్చి కట్టి, టెస్టరుతో ప్రతి తీగను ముట్టి చూచి, సంపులోని కడ్డీలను పైకి తీసెను. వానిపై సున్నమువంటి తెల్లని పొర గట్టియున్నది. గీకి కడిగి మరల దింపినను ఎఱ్ఱదీపము ఆఱలేదు. అంతట మరల మెయిన్ కట్టి, రిలేకు పోవు రెండు తీగలను విడదీసి, వానిని ఒక కనెక్టరులో కలిపి బిగించి, స్విచ్చి వేసెను. మోటారు గిఱ్ఱున తిరిగెను. దోషము మోటారునది కాదు, పలకది. క్రొత్త పలక పట్టణమునుండి వచ్చుటకు వారము దినములు పట్టుననియు, అందాక ఇట్లే నడుపుకొనవచ్చుననియు చెప్పి, “కాని అమ్మగారూ, ఇకమీదట దీనికి కాపలా మీరే” అని పోయెను.

భాగవతమున జయవిజయుల కథ ఎఱుగని వారెవరు? లోనికి పోదగిన సనకాదులను అడ్డగించిన ద్వారపాలకుల వంటిదే మా పెట్టె. అట్టివానిని తొలగించిన యజమాని తానే వాకిట కూర్చుండవలయు నన్నది నాకు తెలియనిదా? ఐనను మఱునాడు మఱచితిని.

పాయసము అడుగంటునేమో యను తొందరలో మోటారు వేసి వంటయింటిలోనికి పోయితిని. అదే సమయమున వడ్డనవారు సంపునుండి బిందెలతో నీరు తోడుకొనిరి. నా కది తెలియదు. కొంతసేపటికి మోటారు స్వరము మాఱి పొడిగా గీపెట్టసాగెను. రబ్బరు కాలిన వాసన వచ్చెను. నేను పరుగిడి కట్టునప్పటికి సంపు అడుగు కనబడుచున్నది. మోటారు దక్కినది గాని, ఇరుసుకడ నీరు కారకుండ నాపు సీలు మాడిపోయెను. నీటిచేత చల్లబడవలసినది నీరు లేక తిరిగినచో మఱేమగును? నాడు దొడ్డిలో పుట్టిన ఆ ధార సీలు మార్చినదాక ఆగలేదు. పలక ఇంతకాలము ఏమి చేయుచుండెనో నా కప్పుడు బోధపడినది.

ఆ సాయంకాలము మా వారు గడియారము చూచుచు ఖాళీ ట్యాంకును నింపించిరి. మా వేయి లీటర్ల ట్యాంకునకు ఇరువదియైదు నిముషములు పట్టినది. ఆ లెక్కను సుద్దముక్కతో గోడపై వ్రాసిరి. పిదప ఆ వారమంతయు, మోటారు వేసినవారు సంపుమూత యెత్తి చూచిన తరువాతనే వేయవలయుననియు, తిరుగుచున్నంతసేపు పెరడు విడువరాదనియు మా యింట నియమము.

సోదరీమణులు ఈ పని తామే చేయబూనవలదని నా ప్రార్థన. మెయిన్ కట్టినను కెపాసిటరులో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును, ముట్టినవారిని కొట్టును. తప్పింపదగినది నీటిమట్టము చూచు పలక మాత్రమే. ఫ్యూజునకు బదులు లావుతీగ వేయుట, మాటిమాటికి పడిపోవు ఎంసీబీని తీసివేసి నేరుగ కలుపుట, ఎర్తు తీగను ఊడదీయుట ఎంత నేర్పరియైన పనివాడు చేయబోయినను ఒప్పుకొనరాదు. అవి మోటారుకొఱకే కాక మన ప్రాణముల కొఱకు ఉన్నవి.

మఱొక సంగతి. అమెరికాలోని టెక్సాసున నున్న మా పినతండ్రి కుమార్తెకు ఈ కథ ఫోనులో చెప్పితిని. వారి పెరటి ఈతకొలనులో నీటిని వడపోతగుండ త్రిప్పు మోటారు కలదట. దాని పలక చెడినపుడు పనివాడు నేరుగ కలుప నిరాకరించెనట. విచారింపగా కారణము తెలిసినది. ఒకే వేగముగల పాతరకపు మోటారునకు పలక కావలివాడు మాత్రమే. వేగమును మార్చుకొను క్రొత్తరకములో ఆ పలకయే గోడనుండి వచ్చు విద్యుత్తును మార్చి మోటారునకు తగినట్లు వండి వడ్డించును. దానిని దాటి కలిపినచో మోటారు తిరుగదు, చెడినను చెడవచ్చును. ఆ దేశమున 2021 జూలై నుండి కొలనుల మోటార్లకు విద్యుత్తు పొదుపు నియమములు వచ్చుటచే ఈ రకము మఱింత వ్యాపించినది. మన పొలములలోని సౌరపంపుల కంట్రోలర్లును ఈ కోవలోనివే. కావున పనివాడు “డైరెక్టు చేసెదను” అన్నపుడు, మోటారు ఏ రకమో ముందడుగుట మేలు.

క్రొత్త పలక పదవనాటికి వచ్చినది. ఈ తూరి, అది చెడినపుడు తీగలు విప్పనక్కఱలేకుండ, ఆటో మాన్యువల్ అను రెండు దిక్కులకు త్రిప్పు మీటను కూడ ప్రక్కన పెట్టించితిమి. గోడమీది సుద్దలెక్కను ఎవరును తుడువలేదు. మా అత్తగారు మాత్రము నేటికిని ఆకుపచ్చదీపమును నమ్మరు. సంపుమూత యెత్తి తొంగిచూచిన పిదపనే స్నానమునకు పోవుచున్నారు.