రెండు సభలూ ఔనన్న బిల్లు ఏమైంది?

2019 జులై 10న అమెరికా ప్రతినిధుల సభలో ఒక బిల్లుకు అనుకూలంగా 365 ఓట్లు, వ్యతిరేకంగా 65 ఓట్లు పడ్డాయి. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి దక్కకూడదన్న పరిమితిని ఎత్తేయాలన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది డిసెంబరు 2న సెనేట్ కూడా అలాంటి బిల్లునే ఒక్కరూ అడ్డు చెప్పకుండా ఆమోదించింది. రెండు పార్టీలూ ఉప్పూ నిప్పుగా ఉన్న రోజుల్లో ఇంత ఏకాభిప్రాయం అరుదు. అయినా అది చట్టం కాలేదు. సెనేట్ చేర్చిన మార్పులకు ప్రతినిధుల సభ ఒప్పుకోవాలి. అందుకు మిగిలింది నెల రోజులు. 2021 జనవరి 3తో ఆ కాంగ్రెస్ గడువు తీరింది, బిల్లూ దాంతోనే పోయింది. భీమవరం, తణుకు, రాజమండ్రి నుంచి అమెరికా వెళ్ళిన ఇంజినీర్ల ఇళ్ళలో దీని ఫలితం ఏమిటో తెలియాలంటే అక్కడి విదేశాంగ శాఖ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్ చూడాలి. 2025 వేసవిలో ఉన్నత చదువులవారి ఈబీ-2 వరుసలో ఇండియా గడిలో ఉన్న తేదీ 2013 జనవరి 1. అంతకు ముందు దరఖాస్తు పడినవాళ్ళకే కార్డు. ఈలోగా పిల్లలకు 21 ఏళ్ళు నిండితే, తల్లిదండ్రుల దరఖాస్తులో వాళ్ళకు చోటు పోయే ప్రమాదం ఉంది.

ఈ ప్రతిష్టంభనకు పార్టీల పంతమే కారణమని అందరూ అనే మాట. అందులో నిజం లేకపోలేదు. 2013 జూన్‌లో సెనేట్ 68-32 ఓట్లతో సమగ్ర వలస సంస్కరణ బిల్లును నెగ్గించింది. ప్రతినిధుల సభ స్పీకర్ జాన్ బేనర్ దాన్ని ఓటింగుకే పెట్టలేదు. 2024 ఫిబ్రవరిలో రిపబ్లికన్ లాంక్‌ఫర్డ్, డెమోక్రాట్ మర్ఫీ, స్వతంత్ర సభ్యురాలు సినెమా నెలల తరబడి కూర్చుని కుదిర్చిన సరిహద్దు, వలసల ఒప్పందానికి ట్రంప్ వద్దనడంతో సెనేట్‌లో 49 ఓట్లే వచ్చాయి. కావలసినవి 60. అందరూ సరిహద్దు కట్టడి గురించే మాట్లాడారు గానీ, హెచ్-1బీ ఉద్యోగుల పిల్లలకు 21 దాటినా రక్షణ, ఏటా అదనంగా 50 వేల వీసాలు కూడా ఆ మూటలోనే ఉన్నాయి. మూటతో పాటే అవీ మునిగాయి. అయితే పంతం ఎన్నో విషయాల్లో ఉంటుంది. బడ్జెట్ మీద కొట్టుకుంటారు, చివరికి ఏదో ఒకటి తేల్చుకుంటారు. తేల్చకపోతే ఓటరు ఊరుకోడు కాబట్టి. వలసదారుడి సంగతి అలా కాదు. వరుసలో నిలబడ్డవాడికి ఓటు లేదు. అతన్ని ఇంకో పదేళ్ళు నిలబెట్టినా ఎవరి సీటూ కదలదు. సమస్య తీరితే సొంత పక్షంలో కొందరికి కోపం వస్తుంది, తీరకపోతే వచ్చే ఎన్నికలకు ప్రచారాంశం మిగులుతుంది. ఈ లెక్కలో రాజీ నష్టపు బేరం.

అసలు జబ్బు పార్టీల పంతమే అయితే, ఆ పంతం లేని చోట పని చకచకా జరగాలి. మన దేశాన్నే చూడండి. పాలకొల్లు, నరసాపురం, రాజోలు ప్రాంతాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళ బాగోగులు చూడాల్సింది 1983 నాటి వలసల చట్టం. అది చాలదని అన్ని పార్టీలకూ తెలుసు. 2019లో ముసాయిదా వచ్చింది, 2021లో ఇంకోటి వచ్చింది, 2025లో పేరు మార్చుకుని మరొకటి ప్రజల అభిప్రాయాలకు వచ్చింది. వీటి మీద పార్లమెంటులో పోడియం చుట్టుముట్టినవాళ్ళు లేరు. పదో తరగతి పాసవని మనిషి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడుతుంది. ఆ ముద్ర ఉన్నవాళ్ళు కువైట్ సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటిపనికైతే ముప్పై ఏళ్ళు నిండితే గానీ ఆడవాళ్ళకు ఆ అనుమతి రాదు. కాపాడటానికి పెట్టిన నిబంధనే, కానీ దాన్ని తప్పించుకోవడానికి ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెడతాడు. అలా వెళ్ళిన మనిషికి కష్టమొస్తే ప్రభుత్వ లెక్కల్లో ఆమె వెళ్ళినట్టే ఉండదు. వాషింగ్టన్‌లో గొడవ వల్ల ఆగినది ఢిల్లీలో గొడవ లేకుండానే ఆగింది.

దీనికి అభ్యంతరాలున్నాయి. జనమే చీలిపోయి ఉన్నప్పుడు చట్టసభ కదలకపోవడం ప్రజాస్వామ్యమే కదా అంటారు. చీలిన అంశాల్లో ఒప్పుకుంటాను. 365 మంది ఔనన్న అంశంలో కాదు. రెండోది ఇంకా బరువైనది. అందరికీ ఇష్టమైన ముక్కను విడదీసి నెగ్గిస్తే, కాగితాలున్న ఇంజినీరు గట్టెక్కుతాడు, కాగితాల్లేని కూలీ వెనకే మిగులుతాడు. పైగా మొత్తం సంఖ్య పెంచకుండా దేశాల పరిమితి ఒక్కటే తీసేస్తే నిరీక్షణ మన నెత్తి మీంచి వేరేవాళ్ళ నెత్తికి మారుతుంది. సెనేటర్ డర్బిన్ 2019లో అడ్డుపడింది సరిగ్గా ఇందుకే. మన సంఘాలు అప్పట్లో ఆయన్ని శత్రువులా చూశాయి గానీ, ఆయన వాదన తోసేయదగ్గది కాదు. ఆ వాదన వల్లే సెనేట్ బిల్లులో, మార్పు జరిగే ఏళ్ళలో ఇతర దేశాలవారికి కొంత వాటా ఉంచే ఏర్పాటు చేరింది. అంటే విడి ముక్క మీదే నిజమైన రాజీ కుదిరింది. మూట కట్టిన 2013లోనూ 2024లోనూ కూలీకి దక్కిందేమీ లేదు. చట్టం లేని చోట అధ్యక్షుడి కలమే చట్టమవుతుంది. హెచ్-1బీ ఉద్యోగుల వెంట హెచ్-4 వీసాతో ఉండే భార్యకో భర్తకో 2015లో పని అనుమతి నిబంధనతోనే వచ్చింది. కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము 2025 సెప్టెంబరులో ఒక ప్రకటనతో వచ్చింది.

రాజీ కుదిరితే చాలు, అంతా మంచే అనుకోవడానికీ లేదు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి తరతరాలుగా మనవాళ్ళు రంగూన్ వెళ్ళారు. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశాక, 1941లో ఇండియా తరఫున బాజ్‌పాయ్, బర్మా తరఫున ఊ సా వలసల మీద ఒక ఒప్పందానికి వచ్చారు. రెండు ప్రభుత్వాలూ చేతులు కలిపాయి, రేవులో మూటలు మోసేవాళ్ళని అడిగినవారు లేరు. గాంధీ సహా పలువురు తప్పుపట్టారు. ఏడాది తిరిగేలోగా జపాన్ దండయాత్ర వచ్చిపడింది. ఒప్పందం కాగితాల్లో ఉండిపోయింది, జనం కాలినడకన అడవులు దాటారు.

అమెరికాలో పౌరసత్వం లేనివాళ్ళకు ఓటివ్వమని అడగలేం, అది వాళ్ళ దేశం. కువైట్‌లో ఉన్న రాజోలు మనిషి మాత్రం మన పౌరురాలు. 2010 సవరణ ఆమెకు ఓటు హక్కు ఇచ్చింది, కానీ స్వయంగా వచ్చి పోలింగ్ బూత్‌లో వేయాలి. కఫీల్ అనే అక్కడి యజమాని సెలవిచ్చి, టిక్కెట్టు డబ్బులుంటే ఆ హక్కు పనికొస్తుంది. ఊళ్ళో లేనివాళ్ళు ఊరి ఫలితం తేల్చడమేమిటని, ఆమె బదులు మరొకరు వేసే ప్రాక్సీ ఓటు పెడితే దాన్ని ఇంట్లోవాళ్ళు ఇష్టమొచ్చినట్టు వేసుకోరా అని అడిగేవారున్నారు. ఆ భయం ఉండదగ్గదే. కానీ 2003 నుంచి సైనికులకు ఆ సదుపాయం ఉంది. ప్రవాసులకూ దాన్ని విస్తరించే బిల్లును 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ గడప దాటలేదు. 2019లో లోక్‌సభ రద్దవగానే మురిగిపోయింది. అమలాపురం, నరసాపురం ఎంపీలు 2025 ముసాయిదా మీద ఇంకేం అడిగినా అడక్కపోయినా, ఆ బిల్లు సంగతేమిటని సభలో అడగాలి.