నీటిమీద వాలిన హెలికాప్టర్

ఆకాశంలో ఒక్కచోట కదలకుండా నిలబడగలిగిన హెలికాప్టర్ నీటిమీద మాత్రం ఇట్టే తలకిందులవుతుంది. ఇంజన్లు, వాటి వేగాన్ని తగ్గించి రెక్కలకు అందించే గేర్‌బాక్స్, ఆ రెక్కలను పట్టి ఉంచే ఇరుసు, అన్నీ నడినెత్తినే ఉండటంతో దాని గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోట చేరినట్టు లెక్కకు వచ్చే బిందువు, చాలా ఎత్తున ఉంటుంది. సరుకును అడుగున నింపుకున్న ఓడలా కాక, తెరచాప కొయ్య చివర ఇనుపగుండు కట్టిన పడవలా అది ఊగుతుంది. అందువల్ల అత్యవసరంగా సముద్రం మీద దిగే హెలికాప్టర్ చరిత్ర రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది: దాన్ని ఎలా దించాలి, దించాక ఎలా నిటారుగా నిలపాలి. మొదటి ప్రశ్నకు జవాబు తొందరగానే దొరికింది కానీ, రెండో ప్రశ్నను అడిగిన తీరులోనే లోపం ఉందని గ్రహించడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది.

నీటితో ఈ యంత్రానికి పరిచయం దాని బాల్యంలోనే జరిగింది. ఈగోర్ సికోర్‌స్కీ 1939లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో తొలిసారి లేపిన వీఎస్-300 హెలికాప్టర్, 1941 ఏప్రిల్ 17న చక్రాలకు బదులు తేలే తిత్తులు తగిలించుకుని నీటిమీంచి లేచి, మళ్లీ నీటిమీదే వాలింది. 1959లో ఎగిరిన సీ కింగ్‌కు సికోర్‌స్కీ సంస్థ ఏకంగా పడవ అడుగునే అమర్చింది. విశాఖపట్నంలోని ఐఎన్ఎస్ డేగా స్థావరం నుంచి భారత నౌకాదళం నడిపి, 2024లో విశ్రాంతి ఇచ్చిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు ఆ కుటుంబానివే. అయితే పడవ అడుగు యంత్రం బరువును పెంచుతుంది, గాలికి అడ్డుపడుతుంది. అందుకే సముద్రంలోని చమురు వేదికలకు మనుషులను చేరవేసే తరవాతి తరం హెలికాప్టర్లకు మడిచిన సంచులు వచ్చాయి. ఫ్లోట్లు అనే ఈ సంచులు మామూలు వేళల్లో పొట్టకు అంటుకుని ఉండి, పైలట్ మీట నొక్కగానే, లేదా నీరు తగిలిన సంగతి పరికరం పసిగట్టగానే, సిలిండర్లలోని వాయువుతో కొన్ని సెకన్లలో ఉబ్బుతాయి.

ఇంజన్ ఆగినంత మాత్రాన హెలికాప్టర్ రాయిలా పడిపోదు. పైలట్ తన ఎడమచేతి పక్కనున్న కలెక్టివ్ అనే మీటను వెంటనే కిందికి దించితే రెక్కల వాలు తగ్గి, కిందినుంచి ఎదురొచ్చే గాలి, పిల్లలు పరుగెత్తుతూ పట్టుకునే కాగితపు గాలిచక్రాన్ని తిప్పినట్టే, వాటిని తిప్పుతూ ఉంటుంది. దీనినే ఆటోరొటేషన్, అంటే స్వయంభ్రమణం అంటారు. నీరు దగ్గరపడ్డాక ముక్కును పైకెత్తి ముందుకు పోయే వేగాన్ని చంపి, చివరి క్షణాల్లో కలెక్టివ్‌ను పైకి లాగి, తిరిగే రెక్కల్లో దాగిన శక్తినంతా వాలే దెబ్బను తగ్గించడానికి ఖర్చు చేయాలి. ఆ శక్తి ఒక్కసారికే సరిపోతుంది కనుక ఎత్తు అంచనా తప్పరాదు. అద్దంలాంటి నిశ్చల జలం మీద కంటికి ఆనవాలేదీ దొరక్క ఆ అంచనా మరింత కష్టమవుతుంది. అలలున్నప్పుడు గాలికి ఎదురుగా తిరిగి, మీదికొచ్చే కెరటం ముఖం మీద కాక దాటిపోయిన కెరటం వీపు మీద వాలేందుకు ప్రయత్నిస్తారు.

1995 జనవరి 19న ఉత్తర సముద్రం మీద ఒక సూపర్ ప్యూమా హెలికాప్టర్ తోక రెక్కల మీద పిడుగు పడి, కాసేపటికి తోక గేర్‌బాక్సే ఊడిపోయింది. తోక రెక్కలు లేకపోతే ఇంజన్ బలానికి హెలికాప్టర్ శరీరం రెక్కలకు ఎదురుదిశలో గిరగిరా తిరుగుతుంది. ఇంజన్ బలాన్ని తీసేస్తే తిప్పేదీ ఉండదు. కెప్టెన్ అదే చేసి స్వయంభ్రమణంలో ఎత్తైన అలల మీద దించగా, ఫ్లోట్ల మీద యంత్రం గంటల తరబడి తేలింది, 18 మందీ బతికారు. వైమానిక చరిత్రలో ఇంతకన్నా గొప్ప చేతినేర్పు ఎక్కువగా కనిపించదు.

చేతినేర్పు కన్నా నిర్ణయం కష్టమైన సందర్భాలూ ఉన్నాయి. గేర్‌బాక్స్‌లో నూనె పోతే యంత్రం ఇంకా ఎగురుతూనే ఉంటుంది, తీరం చేరిపోవచ్చన్న ఆశ లాగుతూనే ఉంటుంది. 2009 మార్చి 12న కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరానికి దూరంగా ఒక ఎస్-92 హెలికాప్టర్ ఆ స్థితిలో ఒడ్డువైపు మళ్లింది. నూనె లేకున్నా గేర్‌బాక్స్ అరగంట తిరుగుతుందన్న నమ్మకం అప్పట్లో ఉండేది, కానీ హెచ్చరిక వెలిగిన 11 నిమిషాలకే హెలికాప్టర్ నీటిని ఢీకొంది. 18 మందిలో ఒక్కరే మిగిలారు. ఆ పైలట్లను తప్పుపట్టడం అన్యాయం, వారు ఆధారపడిన నమ్మకమే లోపభూయిష్ఠం. 2012 మే, అక్టోబర్ నెలల్లో బ్రిటన్ తీరాల వద్ద రెండు ఈసీ225 హెలికాప్టర్లలో నూనె ఒత్తిడి పడిపోయి, అత్యవసర శీతలీకరణ కూడా పనిచేయడం లేదని హెచ్చరిక దీపం వెలిగినప్పుడు, పైలట్లు తడుముకోకుండా సముద్రం మీద దించారు. రెండో హెచ్చరిక అబద్ధమని తరవాత తేలినా, ఆ రెండింటిలోని 33 మందీ ప్రాణాలతో ఇళ్లకు చేరారు.

కానీ నెమ్మదిగా దించినంత మాత్రాన గండం గడవదు. 2018 మార్చి 11న న్యూయార్క్ ఈస్ట్ నదిపై విహారానికి వెళ్లిన హెలికాప్టర్‌లో ప్రయాణికుడి భద్రతా పట్టీకి కట్టిన తాడు ఇంధనం ఆపే మీటకు చిక్కుకుని ఇంజన్ ఆగింది. పైలట్ స్వయంభ్రమణంలో నీటిమీదికి దించగలిగినా, ఫ్లోట్లు రెండువైపులా సమానంగా ఉబ్బకపోవడంతో యంత్రం సెకన్లలో బోర్లాపడింది. పైలట్ బయటపడ్డాడు. తాళ్లతో కట్టేసి ఉన్న ఐదుగురు ప్రయాణికులూ మునిగిపోయారు.

హెలికాప్టర్ బోర్లాపడకుండా చూడటమే లక్ష్యంగా పెట్టుకున్నంత కాలం ఫ్లోట్లను పెంచడమే పరిష్కారంగా తోచింది. వాస్తవమేమిటంటే పెద్ద అలల్లో అది ఏదో ఒక క్షణాన తిరగబడుతుంది, నీటిని గట్టిగా ఢీకొన్నప్పుడైతే వెంటనే తిరగబడుతుంది. తలకిందులై నీరు నిండిన చీకటి గదిలోంచి బయటపడటానికి నిమిషం దాకా పట్టవచ్చు. చల్లటి సముద్రంలో ఒక్కసారిగా మునిగిన శరీరం ఎగశ్వాసకు లోనై, చాలామంది 20 సెకన్లు కూడా ఊపిరి బిగపట్టలేరు. ఈ లెక్క తేలాకే ఆలోచన, తిరగబడకుండా ఆపడం నుంచి తిరగబడ్డాక మనుషులు బయటపడటం వైపు, మలుపు తిరిగింది. ఈత కొలనులో కృత్రిమ హెలికాప్టర్ గదిని ముంచి తిప్పేసే శిక్షణలో, ఒక చేతిని కిటికీ అంచున ఉంచి, కదలిక ఆగేదాకా బెల్టు విప్పకుండా ఆగడం, లోపల ఉండగా లైఫ్ జాకెట్‌లో గాలి నింపకపోవడం నేర్పుతారు. నింపితే అది మనిషిని నేలకు, అంటే అప్పటికి పైకప్పైపోయిన చోటికి, అంటించేస్తుంది.

ఫ్లోట్ల ఆలోచన కూడా మారింది. గేర్‌బాక్స్ పక్కన ఎత్తున అదనపు సంచులు అమర్చితే, తిరగబడ్డ హెలికాప్టర్ పూర్తిగా బోర్లా కాక పక్కకు ఒరిగి తేలుతుందనీ, లోపల గాలి మిగిలి, ఒక వరుస కిటికీలు నీటికి పైన ఉంటాయనీ బ్రిటన్‌లో జరిగిన పరీక్షల్లో తేలింది. 2013 ఆగస్టులో షెట్‌లాండ్ దీవుల వద్ద నలుగురి ప్రాణాలు తీసిన ప్రమాదం తరవాత, 2014లో బ్రిటన్ పౌర విమానయాన సంస్థ అలల ఎత్తు 6 మీటర్లు దాటితే ఎగరరాదని, ప్రతి ప్రయాణికుడికీ నీటిలోనూ పెట్టుకోగల చిన్న గాలి సిలిండర్ ఉండాలని ఆదేశించింది. 2015 నుంచి అక్కడ చమురు కార్మికుల భుజాల వెడల్పు కొలుస్తున్నారు. 22 అంగుళాలు, అంతకన్నా ఎక్కువ ఉన్నవారికి, వారు పట్టేంత పెద్ద కిటికీ పక్కనే సీటు కేటాయిస్తారు.