చర్చిలో ప్రజలభాగము

ఇంగ్లండు పల్లెలలో మధ్యయుగమునాటి రాతి చర్చిలు నేటికిని వేలకొలది నిలిచియున్నవి. వీనిలో దేనిని పరిశీలించినను, కట్టడపు పొందిక యంతయు ఒక సరిహద్దు ననుసరించి యేర్పడినదని బోధపడును. పడమటి విశాలమందిరము ప్రజలది. తూర్పున బలిపీఠముండు చిన్నభాగము గురువులది. 13వ శతాబ్దినాటికి మరమ్మతుల భారమును ఇట్లే పంచిరి: తూర్పుకప్పు కారినచో విచారణ (పారిష్) ఆదాయము ననుభవించు రెక్టరును, పడమటికప్పు కారినచో గ్రామస్థులును వ్యయము భరింపవలసి యుండెను. ఉన్నివర్తకముచే ధనము చేరిన యూళ్ళలో ప్రజలభాగము మహోన్నతముగ పెరుగుటకు ఇది యొక హేతువు.

సామగ్రియు ఈ విభజననే యనుసరించెను. జ్ఞానస్నానము క్రైస్తవసంఘప్రవేశము గావున దాని రాతితొట్టిని ద్వారము చెంతనే నిలిపెడివారు. మంత్రించిన జలమును క్షుద్రవిద్యలకై దొంగిలింతురను భయముచే తొట్లకు మూతలుంచి తాళములు వేయవలెనని కాంటర్బరీ ఆర్చిబిషప్పు ఎడ్మండు 1236లో శాసించెను. ఆ తాళపు కొక్కెములు నాటిన గుర్తులు పెక్కుతొట్ల యంచులపై నేటికిని గలవు. బలిపీఠపు దక్షిణకుడ్యమున పూజాపాత్రలు కడుగుటకు చిన్న తొట్టియు, ఆ నీరు పవిత్రభూమిలోనే యింకుటకు రంధ్రమును, ప్రక్కనే గురువులకు రాతిపీఠములును ఉండును. ప్రజలకో, 14, 15 శతాబ్దులవరకు బల్లలే యరుదు. నిలువవలె, లేదా నేలపై మోకరిల్లవలె.

రెండుభాగముల నడుమ చెక్కిన కొయ్యతెర యుండెడిది. పూజ కనబడవలెనని దాని పైసగమును జాలకముగ విడిచి, దిగువ పలకలపై పునీతుల బొమ్మలు చిత్రించెడివారు. కొన్నిచోట్ల మోకరిల్లినవారి కన్నుల యెత్తున పలకలకు చిల్లులు గలవు; ఇవి ఏ శిల్పిపథకములోనివో కావు, భక్తుల యాత్రమే తొలిచినదని నా యూహ. తెరపైన సిలువపై క్రీస్తు, ఇరువైపుల మరియమాత, యోహాను దారుశిల్పములుగ వెలసిరి. వాని వెనుక గోడపై తుదితీర్పు చిత్రము.

సఫక్ సీమయందలి వెన్‌హాస్టన్‌లో ఈ చిత్రమును 16వ శతాబ్దారంభమున కొయ్యపలకలపై వ్రాసిరి. మిఖాయేలు దూత త్రాసులో ఆత్మలను తూచుచుండ, పేతురు స్వర్గద్వారమున రాజును, రాణిని, బిషప్పును, కార్డినలును ఆహ్వానించుచున్నాడు. వారి శిరముల కిరీటాదులు తప్ప వంటిపై వస్త్రము లేదు. కుడివైపున మహామత్స్యపు నోరువలె నరకము తెరచుకొనియున్నది. పల్లెచిత్రకారుని చమత్కారము సామాన్యమైనది కాదు.

మతసంస్కరణకాలమున, ఆరవ ఎడ్వర్డు ప్రభుత్వమున, విగ్రహములను తొలగించి చిత్రములపై సున్నము పూసిరి. 1561లో ఎలిజబెత్తురాణి తెరలపైని అటకలను తీయించి తెరలను మాత్రము నిలువనిచ్చెను. వెన్‌హాస్టన్ పలకలును సున్నము క్రింద మరుగుపడి, 1892లో చర్చి మరమ్మతుల వేళ పనికిమాలిన కొయ్యగా ఆవరణమున పారవేయబడెను. ఆ రాత్రి వానకు సున్నము కరగి రంగులు బయల్పడెను! నాశనమునకై పూసిన పూతయే మూడువందల యేండ్లకు పైగా రక్షణకవచమయ్యెను. చిత్రమధ్యమున మూడు ఆకృతులమేర రంగే లేదు: క్రీస్తు, మరియ, యోహానుల శిల్పములు ఆనియుండిన తావు లవి. ఆ పలకలు నేడును వెన్‌హాస్టన్ చర్చిలోనే యున్నవి.